మెమరీ కొనే ముందు లెక్క చూడండి

(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదిక మీద సాధారణంగా నన్ను బ్యాంకు పరీక్షల గురించో, పొదుపు గురించో మాట్లాడమంటారు. ఈసారి కార్యవర్గం వారి అనుమతితో వేరే విషయం ఎంచుకున్నాను. ఆటలు ఆడుకునే డెస్క్‌టాప్ కంప్యూటరులో మెమరీ పెంచుకోవాలా వద్దా, పెంచుకుంటే ఎలా పెంచుకోవాలి అన్నది నేటి విషయం. వెనక వరుసలో పెద్దవాళ్ళు కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పిల్లల ఆటల సంగతి ఈ సభలో ఎందుకని వారి సందేహం కావచ్చు. అందులో డబ్బు ఉంది కాబట్టి, ఆ డబ్బు గురించి ఇళ్ళలో తండ్రీ కొడుకుల మధ్య మాట పెరుగుతోంది కాబట్టి ఇక్కడ మాట్లాడవలసి వచ్చింది.

నేను బి.కాం. చదివినవాణ్ణి, ఇంజనీరును కాను. బ్యాంకులో గుమాస్తాగా చేరిన కొన్నేళ్ళకు మా శాఖలోకి లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు వచ్చాయి. ఆ తర్వాత మామూలు కంప్యూటర్లు వచ్చాయి. మరమ్మతుకు వచ్చే ఇంజనీరు పెట్టె విప్పుతుంటే పక్కన టార్చి పట్టుకుని నిలబడేవాణ్ణి. అలా మొదలైన అలవాటు పదవీ విరమణ తర్వాత కాలక్షేపమైంది. బంధువుల ఇళ్ళలో, ఇరుగుపొరుగు ఇళ్ళలో కంప్యూటర్లు మొరాయిస్తే ముందు నన్నే పిలుస్తారు. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

దరఖాస్తుల్లో వచ్చిన చర్చ

ఈ ఏడాది దరఖాస్తులు పరిశీలించిన వారిలో నేనూ ఒకణ్ణి. "ఈ మొత్తాన్ని దేనికి వినియోగిస్తారు?" అన్న గడిలో ఫీజు, పుస్తకాలు, హాస్టలు ఖర్చు అని రాయడం మామూలు. ముగ్గురు మాత్రం ఫీజు పోగా మిగిలిన దానితో కంప్యూటర్ మెమరీ కొనుక్కుంటామని రాశారు. వారిలో డిప్లొమా చదివే ఒక అబ్బాయి ఏ దాపరికమూ లేకుండా "చదువుకు, ఆటలకు కూడా" అని రాశాడు.

మా కమిటీలో ఒక పెద్దాయన ఆ కాగితం పక్కన పెట్టేద్దామన్నారు. "దాతలు కడుపు కట్టుకుని ఇచ్చిన రూపాయి ఇది, ఆటలకు ఎలా ఇస్తామండీ?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. నేను ఇంకొక మాట అన్నాను. ఉన్నది ఉన్నట్టు రాసినవాడి కాగితం పక్కన పెడితే, వచ్చే ఏడాది అందరూ ఆ గడిలో 'పుస్తకాలు' అనే రాస్తారు. అప్పుడు మనకు నిజం తెలిసే దారే ఉండదు. కాబట్టి ముందు ఆ కంప్యూటరుకు మెమరీ నిజంగా అవసరమో కాదో చూద్దాం, ఆ తర్వాత నిర్ణయిద్దాం అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. ఆ ముగ్గురి కంప్యూటర్లూ చూశాను. వారి అనుమతితో, పేర్లు, ఊళ్ళు చెప్పకుండా ఆ సంగతులే మీ ముందు పెడుతున్నాను. అడిగింది ముగ్గురూ మెమరీయే. నిజంగా కావలసింది ఒక్కరికే.

మెమరీ అంటే ఏమిటి?

పాతకాలపు బ్యాంకు శాఖను ఒకసారి ఊహించుకోండి. కౌంటరులో గుమాస్తా కూర్చుంటాడు. ఆయన ముందు ఒక బల్ల ఉంటుంది. లోపల రికార్డు గదిలో బీరువాల నిండా లెడ్జర్లు ఉంటాయి. ఖాతాదారు వచ్చి అడిగితే గుమాస్తా లోపలికి వెళ్ళి లెడ్జర్ తెచ్చి బల్ల మీద పెట్టుకుని పని చేస్తాడు. బల్ల పెద్దదైతే పది లెడ్జర్లు ఎదురుగానే ఉంటాయి. చిన్నదైతే ఒకటి తీసి లోపల పెడితేగాని ఇంకొకటి తేవడానికి చోటు ఉండదు. గుమాస్తా ఎంత చురుకైనవాడైనా సగం పొద్దు నడకకే సరిపోతుంది. బయట వరుస పెరిగిపోతుంది.

కంప్యూటరులో ప్రాసెసర్ ఆ గుమాస్తా. మెమరీ, అంటే ర్యామ్, ఆ బల్ల. హార్డ్ డిస్కు గాని ఎస్.ఎస్.డి. గాని రికార్డు గది. బల్ల చాలనప్పుడు విండోస్ కొన్ని కాగితాలను డిస్కులోకి పంపి, అవసరమైనప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. ఆటలో బండి మలుపు తిరగగానే బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్ళీ కదులుతుంది చూడండి, చాలాసార్లు అది ఈ నడక వల్లనే.

ఇక్కడ ఇంకొక బల్ల కూడా ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరులో ఆ కార్డుకు సొంత మెమరీ వేరుగా ఉంటుంది. క్యాషియరుకు గుమాస్తాతో సంబంధం లేని తన సొరుగు తనకు ఉన్నట్టు. ఆ సొరుగు నిండిపోయి క్యాషియరు ఆగితే, గుమాస్తా బల్ల ఎంత పెద్దది చేసినా వరుస కదలదు. కార్డులోని మెమరీని మనం కొని పెంచుకోవడం కుదరదు. అది కార్డుతోపాటు వచ్చేదే.

అందుచేత 'కంప్యూటరు నెమ్మదిగా ఉంది' అన్నది ఫిర్యాదు మాత్రమే. గుమాస్తా నెమ్మదా, బల్ల చిన్నదా, రికార్డు గది దూరమా, క్యాషియరు ఆగిపోయాడా అన్నది తేల్చుకున్నాకే డబ్బు తీయాలి.

లెక్క చూసే పద్ధతి

దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మీరు రోజూ ఆడే ఆటను, లేదా చేసే పనిని తెరిచి అరగంట నడవనివ్వండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోట మెమరీ, ప్రాసెసర్, డిస్కు, గ్రాఫిక్స్ నాలుగింటి లెక్కలూ కనబడతాయి. ఆ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. ఒకసారి చూసి ఊరుకోకుండా మూడు రోజులు రాయండి. బ్యాంకులో ఒక్కరోజు నిల్వ చూసి ఎవరికీ అప్పు ఇవ్వరు.

మెమరీ నూటికి 90 దాటి, అదే సమయంలో డిస్కు ఆగకుండా పనిచేస్తూ, ప్రాసెసరుకు, గ్రాఫిక్సుకు తీరిక కనబడుతుంటే కొరత మెమరీలోనే ఉందని అనుకోవచ్చు. మెమరీ సగమే నిండి గ్రాఫిక్స్ నూటికి నూరు చూపిస్తుంటే మెమరీ కొనడం వృథా. మెమరీ తీరికగా ఉండి, పాత హార్డ్ డిస్కు మాత్రమే నూటికి నూరు పనిచేస్తుంటే ముందు ఎస్.ఎస్.డి. గురించి ఆలోచించాలి.

అదే పేజీలో ఇంకా మూడు సంగతులు ఉంటాయి. మెమరీ వేగం ఎంత, స్లాట్లు ఎన్ని, వాటిలో నిండినవి ఎన్ని అన్నవి. వాటినీ రాసుకోండి. తర్వాత పనికి వస్తాయి.

ఎంత మెమరీ ఉంటే చాలు అని పిల్లలు అడుగుతుంటారు. ఆట తయారుచేసినవారే కనీసం ఎంత కావాలో ప్రకటిస్తారు. 2015లో కంప్యూటరుకు వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5కు కనీసం 4 జి.బి., 8 ఉంటే మంచిదన్నారు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగుకు కనీసం 12, మంచిది 16. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కు కనీసమే 16, మంచిది 32. పెరుగుదల ఎలా ఉందో చూశారు కదా. చదువు సంగతీ అంతే. బొమ్మలకు ప్రాణం పోసే బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుకు కనీసం 8 జి.బి. అడుగుతారు. ఫోన్ల అప్లికేషన్లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటరుతో కలిపి వాడాలంటే 16 అడుగుతారు. ఆటల కోసం పెంచిన మెమరీ ఆటలప్పుడే పనిచేసి చదువప్పుడు ఊరుకోదు. ఈ సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

మూడు ఇళ్ళు, మూడు లెక్కలు

మొదటిది నిజాయితీగా రాసిన ఆ అబ్బాయి ఇల్లు. వాడికున్నది ఎవరో వాడి అమ్మేసిన డెస్క్‌టాప్. 8 జి.బి. స్టిక్కు ఒక్కటే ఉంది, రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ. ఆట నడుస్తున్నప్పుడు మెమరీ నూటికి 94, డిస్కు దీపం ఆగకుండా వెలుగుతోంది, ప్రాసెసర్ 55 దగ్గర ఉంది. డ్రాయింగు సాఫ్ట్‌వేరు, బ్రౌజరు కలిపి తెరిచినా ఇదే పరిస్థితి. ఇక్కడ కొరత నిజం. మూడు రోజుల లెక్కా ఒకేలా ఉంది.

వాళ్ళ నాన్నగారు అక్కడే ఉన్నారు. "సార్, ఇప్పుడే వీడు దాని ముందు నుంచి లేవడు. మెమరీ వేయిస్తే ఇంకా ఎక్కువ ఆడతాడు" అన్నారు. "అయ్యా, మెమరీ పెంచితే ఆట ఆగకుండా నడుస్తుంది. గంటలు దానంతట అవి పెరగవు. ఆ గంటల లెక్క మీరూ వాడూ కూర్చుని తేల్చుకోవలసింది" అన్నాను. ఆ అబ్బాయి తల వంచుకునే, "సోమవారం నుంచి గురువారం దాకా ఆడను నాన్నా" అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. గోడకున్న క్యాలెండరు తీసి వాడి చేతిలో పెట్టారు. ఆ నాలుగు వారాలు వాడే గుర్తులు పెట్టాడు. తర్వాత ఆ క్యాలెండరు కూడా బిల్లుతోపాటు నాకు చూపించాడు.

రెండోది ఇంజనీరింగు చదివే అమ్మాయి ఇల్లు. 16 జి.బి. ఉంది, చాలడం లేదు, 32 కావాలని రాసింది. ఆ కంప్యూటరుకు వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసరులో ఉన్న గ్రాఫిక్సుతోనే నడుస్తుంది. అలాంటి కంప్యూటరులో బొమ్మలకు కూడా ఈ మెమరీనే వాడుకోవాలి. టాస్క్ మేనేజరులో మెమరీ నిండలేదు. వేగం మాత్రం 2133 అని చూపించింది. పెట్టె విప్పి చూస్తే స్టిక్కుల మీద 3200 అని అచ్చు వేసి ఉంది. పైగా నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులూ పక్కపక్కన, ఒకే దారిలో పెట్టి ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న గుణకారం చేద్దాం. ఒక్కో దారిలో ఒకసారికి 8 బైట్లు వెళతాయి. సెకనుకు 2133 మిలియన్ల సార్లు అంటే సుమారు 17 జి.బి. స్టిక్కుల మీద రాసిన 3200 వేగంతో రెండు దారులూ తెరుచుకుంటే 3200 ఇంటు 8 ఇంటు 2, అంటే 51 జి.బి. పైచిలుకు. మూడు రెట్లు. స్టిక్కులను బోర్డు పుస్తకంలో చెప్పిన ప్రకారం రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాం. బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్.ఎం.పి. అన్నది ఆన్ చేశాం. పావుగంట పని, ఖర్చు సున్న. ఆట మూడు రెట్లు వేగం కాలేదు. దారి ఒక్కటే వెడల్పయితే అన్నీ మూడు రెట్లు కావు. అయినా ఆ అమ్మాయి "తాతగారూ, ఇక నాకు మెమరీ వద్దు" అని తన దరఖాస్తులో ఆ వరుస తానే కొట్టేసింది.

మూడో ఇంట్లోనూ 16 జి.బి. ఉంది, అందులో వాడుతున్నది 10. గ్రాఫిక్స్ కార్డులో ఉన్న 4 జి.బి. మాత్రం అంచు దాకా నిండి ఉంది. ఇది క్యాషియరు సొరుగు సంగతి. ఆట సెట్టింగుల్లో టెక్స్చర్ నాణ్యత ఒక మెట్టు తగ్గించాం. ఆగడం పోయింది. అప్పు తెచ్చయినా 32 జి.బి. వేయించాలనుకున్నారు ఆ తండ్రిగారు. వేయించి ఉంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అయ్యేది.

కొనవలసి వస్తే

అవసరం నిజమని తేలాక ఏది కొనాలో నిర్ణయించేది మీ మదర్‌బోర్డు. మెమరీలో డి.డి.ఆర్. 3, డి.డి.ఆర్. 4, డి.డి.ఆర్. 5 అని తరాలు ఉన్నాయి. ఒక తరానిది ఇంకొక తరం స్లాటులో దూరదు. 4కు, 5కు కాళ్ళు రెంటికీ 288 ఉన్నా మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. ల్యాప్‌టాప్ మెమరీ పొట్టిగా ఉంటుంది, అది మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పట్టదు. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం. 4 బోర్డయితే డి.డి.ఆర్. 4, ఎ.ఎం. 5 బోర్డయితే డి.డి.ఆర్. 5. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు రెండు రకాల బోర్డులూ ఉన్నాయి. కాబట్టి ప్రాసెసర్ పేరు చెప్పి మెమరీ కొనవద్దు. బోర్డు మీద అచ్చయిన మోడల్ నంబరు రాసుకుని, ఆ కంపెనీ వెబ్‌సైటులో ఎంతవరకు పడుతుందో, ఏ మెమరీలు పరీక్షించారో చూడండి.

రెండు స్లాట్లూ ఖాళీగా ఉంటే 16 జి.బి. ఒక్క స్టిక్కు కన్నా 8 జి.బి. స్టిక్కులు రెండు జంటగా కొనడం మేలు. కారణం ఇందాకటి గుణకారమే. ఉన్నదానికి ఇంకొకటి చేర్చాలంటే అదే తరం, అదే సైజు, అదే వేగం, వీలైతే అదే కంపెనీ వెతకండి. వేగాలు వేరైతే రెండూ తక్కువ దాని వేగానికే నడుస్తాయి. వేరు వేరు జంటలు కలిపితే చాలాసార్లు పనిచేస్తాయి, అన్నిసార్లూ చేస్తాయన్న హామీ లేదు. అందుకే ఆ డిప్లొమా అబ్బాయి చేత దుకాణంలో "కుదరకపోతే వారంలో మార్చి ఇస్తాము" అని బిల్లు మీదే రాయించుకోమన్నాను.

దుకాణాల్లో పెద్ద అంకె చూపించి అమ్ముతారు. వేగం అంకె పక్కన సి.ఎల్. అని ఇంకొక అంకె ఉంటుంది. అది ఎంతసేపు వేచి ఉండాలో చెబుతుంది. సి.ఎల్. అంకెను 2000తో హెచ్చించి, వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 3200 వేగం, సి.ఎల్. 16 అయితే 10. 6000 వేగం, సి.ఎల్. 30 అయినా 10. 6000 వేగం, సి.ఎల్. 40 అయితే 13కు పైనే. వేగం అంకె రోడ్డు వెడల్పు లాంటిది, ఇది గేటు దగ్గర ఆగే సమయం. రెండూ చూసి కొనాలి. మెరిసే రంగు దీపాలకు ఈ లెక్కలో చోటు లేదు.

ధర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు విపరీతంగా కావలసి రావడంతో, తయారీదారులు తమ ఉత్పత్తిని అటు మళ్ళించారు. మామూలు మనుషులకు క్రూషల్ పేరుతో మెమరీ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. పాత తరమైన డి.డి.ఆర్. 4 కూడా చవకగా దొరకని పరిస్థితి వచ్చింది. ధర తక్కువ ఉన్న రోజుల్లో అవసరం లేకుండా కొన్నా నష్టం కొద్దిగానే ఉండేది. ధర పెరిగాక అదే పని ఇంటి బడ్జెటును తాకుతుంది. 16 చాలే చోట 32 కొనడం, తర్వాత పనికొస్తుందిలే అని దాచుకోవడం మన ఇళ్ళకు తగదు. 'అప్పు చేసి పప్పు కూడు' అన్న సామెత మన పెద్దలు ఊరికే అనలేదు.

బెంగళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబయి ల్యామింగ్టన్ రోడ్డు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పక్కపక్కనే అనేక దుకాణాలు ఉంటాయి. కనీసం మూడు చోట్ల ధర రాసుకోండి. 18 శాతం జి.ఎస్.టి.తో కలిపి చెప్పమనండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోవద్దు, వారంటీకి ఆ బిల్లే ఆధారం. స్టిక్కు మీది సీరియల్ నంబరు బిల్లులో వేయించుకోండి. వాడిన మెమరీ కొంటే దుకాణంలోనే కంప్యూటరులో పెట్టించి, సైజు, వేగం కళ్ళారా చూశాకే డబ్బు ఇవ్వండి.

బాగా పాత డి.డి.ఆర్. 3 కంప్యూటర్లు ఉన్నవారికి ఒక హెచ్చరిక. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అంగీకృతమైన ప్రాసెసర్, టి.పి.ఎం. 2.0 కావాలి. ఎంత మెమరీ పెంచినా ఆ అర్హత రాదు. అలాగే 32 బిట్ల విండోస్ ఉంటే 4 జి.బి.కి మించి మెమరీ వేసినా మామూలు విండోస్ దాన్ని వాడుకోలేదు. ఇలాంటి వాటి మీద డబ్బు పెట్టే ముందు తెలిసినవారిని అడగండి.

బిగించే విధానం

ఇది ఇంట్లో చేసుకోదగిన పనే. ముందు ముఖ్యమైన ఫైళ్ళు వేరే చోట దాచుకోండి. కంప్యూటరు ఆపి, గోడ దగ్గర ప్లగ్గు తీసేయండి. పవర్ బటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. తివాచీ మీద కూర్చోకండి. స్టిక్కు పట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకోండి. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్‌ను పాడుచేయగలదు. స్టిక్కును అంచుల దగ్గరే పట్టుకోండి, బంగారు రంగు కాళ్ళను తాకకండి. స్లాటు చివర క్లిప్పు తెరిచి, గాడి సరిచూసుకుని, రెండు చివర్లా సమంగా నొక్కండి. 'టక్' మని క్లిప్పు పడాలి. పడకపోతే బలం పెంచకుండా తీసి మళ్ళీ చూడండి.

డి.డి.ఆర్. 5 అయితే మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. మెమరీని సరిచూసుకునే సమయం అది. కంగారుపడి మధ్యలో ఆపకండి. తర్వాత బయాస్‌లో ఎక్స్.ఎం.పి. లేదా ఎక్స్‌పో ఆన్ చేయండి. కంప్యూటరు తడబడితే ఆ వేగం ఒక మెట్టు తగ్గించుకోండి. చివరగా పరీక్ష. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అనే సాధనం ఉంది, మెమ్‌టెస్ట్86 అనే ఉచిత సాధనమూ ఉంది. ఒక రాత్రంతా నడిపించండి. ఒక్క తప్పు చూపించినా దుకాణానికి వెళ్ళండి. పాడైన మెమరీ వల్ల ఆట ఆగిపోవడమే కాదు, మీరు సేవ్ చేసిన ప్రాజెక్టు ఫైలు కూడా చెడిపోవచ్చు.

కమిటీ నిర్ణయం

ఆ డిప్లొమా అబ్బాయి కాగితం మళ్ళీ కమిటీ ముందుకు వచ్చింది. వాడు రాసిన మూడు రోజుల లెక్క దానికి జతచేసి ఉంది. పక్కన పెడదామన్న పెద్దాయనే ఆ కాగితం రెండుసార్లు చదివారు. "ఫీజు రసీదు ముందు ఇవ్వాలి. మిగిలిన దానిలో మెమరీ కొని బిల్లు చూపించాలి" అని ఆయనే షరతు చెప్పారు. అలాగే తీర్మానించాం. వాడు 8 జి.బి. స్టిక్కు ఒక్కటి కొన్నాడు, తానే బిగించుకున్నాడు. ఇప్పుడు అదే ఆట, అదే డ్రాయింగు నడుస్తుంటే మొత్తం 16లో 11 జి.బి. దాకా వాడుతోంది, డిస్కు దీపం ఊరుకుంది.

వచ్చే ఏడాది నుంచి కంప్యూటరు భాగాల కోసం అడిగేవారు ఇలాంటి ఒక పేజీ లెక్క జతచేయాలని కమిటీ నిర్ణయించింది. ఏ పనికి కావాలి, మూడు రోజుల కొలతలు ఏమిటి, మూడు దుకాణాల ధరలు ఎంత, ఖర్చు లేని ఉపాయాలు ఏమేమి చూశారు అన్న నాలుగు ప్రశ్నలు అందులో ఉంటాయి.

పిల్లలకు నా మాట ఇది. ఆటలకు అని రాయడానికి సిగ్గుపడకండి. ఎంత అవసరమో లెక్క చూపించకుండా అడగడానికి మాత్రం సిగ్గుపడండి. రేపు ఉద్యోగంలో మీ పై అధికారిని ఒక యంత్రం అడిగినా, సొంత వ్యాపారానికి బ్యాంకులో అప్పు అడిగినా మిమ్మల్ని అడిగేవి ఈ నాలుగు ప్రశ్నలే.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ఏదైనా అడగగానే 'ఆటలకా?' అని కొట్టిపారేయకండి, అలాగని వెంటనే జేబు తీయకండి. "లెక్క రాసుకురా, కూర్చుని చూద్దాం" అనండి. ఆ కాగితంలో సగం మాటలు మీకు అర్థం కాకపోవచ్చు. వాడి చేతనే చెప్పించుకోండి. అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి విషయం తెలిసినట్టే.

సభ ముగిశాక హాలు పక్క గదిలో ఒక పాత డెస్క్‌టాప్ విప్పి పెట్టాను. మెమరీ తీసి బిగించడం నేర్చుకోవాలనుకునే పిల్లలు అక్కడికి రావచ్చు. వారితోపాటు తల్లిదండ్రులు కూడా వస్తే నాకు మరింత సంతోషం.